మునగచెట్టు సందులో ఇంకిన వాన

2023 ఎండాకాలం. నంద్యాల జిల్లా కేంద్రమై ఏడాది దాటింది. కలెక్టరేట్ వెంట ఆఫీసులు వచ్చాయి, ఆఫీసుల వెంట అద్దె ఇళ్లకు గిరాకీ వచ్చింది. ఏ వీధిలోకి పోయినా ఇసుక కుప్పలు, సెంట్రింగ్ కర్రలు, పాత మిద్దె పడగొట్టిన దుమ్ము. ఒకవైపు ఇళ్లు పైకి లేస్తున్నాయి, మరోవైపు బోర్లలో నీళ్లు కిందికి జారుతున్నాయి. అప్పుడే పట్టణంలో కొత్త ఇళ్ల నిబంధనల మీద ఒక కమిటీ వేశారు. వాన నీటిని నేలలోకి దించాలి, ఇళ్ల చుట్టూ పచ్చదనం ఉండాలి, వాటికి తగిన నిబంధనలు రాసి మున్సిపల్ కౌన్సిల్‌కు ఇవ్వాలి. ఇదీ దాని పని. ఒక దినపత్రిక విలేకరిగా ఆ సమావేశాలకు వెళ్లడం నా పని.

విలేకరి ఉద్యోగమంటే ప్రమాదాలు, నేరాలు, సభలు అనుకుంటారు. మాకు ఎక్కువ పొద్దు గడిచేది ఇలాంటి కమిటీ సమావేశాల్లోనే. చాలామంది ముందు వరుసలో కాసేపు కూర్చుని, ఫొటో తీసుకుని, ప్రెస్‌నోట్ పంపమని చెప్పి లేచిపోతారు. ప్రెస్‌నోట్ అంటే ఆఫీసు వాళ్లే తయారుచేసి ఇచ్చే వార్త. నాకు మాత్రం టీ వచ్చేదాకా ఉండే అలవాటు. టీకి ముందు అందరూ రాసుకొచ్చింది చదువుతారు, టీ తర్వాత మనసులోది మాట్లాడతారు.

ఆ రోజు టీ తర్వాత మొదట మాట్లాడింది సుబ్బయ్య శెట్టి. ఊళ్లో పెద్ద బండల అంగడి ఆయనది. దాని వెనకే నాపరాయి పాలిష్ చేసే యూనిట్ ఉంది. వ్యాపారుల తరఫున కమిటీలో ఉన్నాడు. టౌన్ ప్లానింగ్ అధికారి శ్రీలత అంతకు కాసేపటి ముందే ముసాయిదా చదివారు. అందులో సెట్‌బ్యాక్ అనే మాట ఉంది. ఇంటి గోడకూ ప్రహరీకీ మధ్య వదిలే ఖాళీ స్థలం అది. ఆ స్థలంలో కొంత భాగం బండలు పరచకుండా మట్టినేలగానే ఉంచాలన్నది కొత్త నిబంధన.

"మేడమ్, ఈ ఊర్లో వాకిట్లో మట్టి కనపడితే ఆ ఇల్లు ఇంకా ముగియలేదని అర్థం," అన్నాడు శెట్టి. "బండ పరిస్తేనే గృహప్రవేశం. మీరేమో మట్టి వదలమంటాండారు."

"గోడ నుంచి గోడ దాకా బండ పరిస్తే వాన నీళ్లు ఎక్కడికి పోవాలి శెట్టిగారూ?"

"రోడ్డు మీదికి. ఆన్నుంచి కుందూలోకి. ఏరు ఉండేది ఎందుకు మరి?"

అందరూ నవ్వారు. మూలన కూర్చున్న ఒకావిడ మాత్రం నవ్వలేదు. ఆమె సలోమి, ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయిని. మునగచెట్టు సందులో ఉంటుంది. లోతట్టు వీధుల తరఫున ఆమెను కమిటీలోకి తీసుకున్నారు.

"కుందూకు పోయే ముందు మా ఇంట్లో దిగి పోతాండాయి శెట్టిగారూ ఆ నీళ్లు," అంది.

నవ్వులు ఆగాయి. ఆమె గొంతు పెంచకుండానే చెప్పింది. "మా నాయన ఇల్లు కట్టినప్పుడు మెట్లెక్కి లోపలికి పోతాంటిమి. రోడ్డు అరిగినప్పుడల్లా దాని మీదనే ఇంకో రోడ్డు వేసినారు. ఇప్పుడు మెట్లు దిగి పోతాండాం. మళ్లా సిమెంటు రోడ్డు వస్తాదంట. అదీ పైననే వేస్తే కిటికీలో నుంచి దూరాల్సిందే."

ఇంజనీర్లు ఇంటి అరుగు ఎత్తును ప్లింత్ అంటారు. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తూ పోతే వీధి లేస్తుంది, ప్లింత్ అక్కడే ఉండిపోతుంది. ఎన్నో రోడ్ల ప్రారంభోత్సవాలు రాశాను. రోడ్డు పెరిగిందనే చూశాను కానీ ఇల్లు దిగిందని ఎప్పుడూ ఆలోచించలేదు.

సమావేశం అయ్యాక ఆమె వెంటే సందులోకి వెళ్లాను. ముందు గదిలో ఆమె భర్త దేవదానం బడిపిల్లల యూనిఫాంలు కుడుతున్నాడు. కుట్టుమిషన్లన్నీ ఇటుకల మీద ఎక్కించి ఉన్నాయి. గోడలకు మోకాలి ఎత్తున తడి మరక.

"వాన వస్తే ఇటుకలు పెంచుతాం సార్," అన్నాడు దేవదానం. "కాళ్లు అందకపోతే తొక్కేదెట్ల? ఈసారి రోడ్డు పైనేస్తే అమ్ముకోని పోవాల్సిందే. కొనేటోడు గూడా పడగొట్టేదానికే కొంటాడు."

"మా నాయన కట్టినాడు దీన్ని," అంది సలోమి.

తర్వాతి సమావేశంలో శ్రీలత ఒక దారి చెప్పారు. మునగచెట్టు సందుకు మంజూరైన రోడ్డు పనిని వానలు పడి, కౌన్సిల్ తేల్చేదాకా ఆపుతారు. ఈలోగా కొత్త నిబంధనలను ఆ ఒక్క సందులో అమలుచేసి చూస్తారు. రోడ్డుకు రెండు వైపులా సిమెంటు అంచు పగలగొట్టి మట్టి వదలాలి. అందులో వరసగా ఇంకుడు గుంతలు తీయాలి. ఇంటి పైకప్పుల నుంచి గొట్టాలు వాటిలోకి దించాలి. వాన నీళ్లు సందులోనే ఇంకితే పాత రోడ్డును తవ్వి, అసలు మట్టానికే కొత్తది వేస్తారు. నిబంధనలు కూడా ఊరంతటికీ సిఫారసు చేస్తారు. ఇంకకపోతే ఎప్పటిలాగే పాత రోడ్డు మీద కొత్త రోడ్డు.

"ఇండ్లలో కాకుండా రోడ్డు పక్కన గుంతలు ఎందుకు?" అని ఎవరో అడిగారు.

శ్రీలత నోరు తెరిచేలోగా శెట్టి అందుకున్నాడు. "ఇంట్లో అయితే ఈశాన్యం, నైరుతి అని యాడాది పంచాయితీ నడుస్తాది. వీధికి వాస్తు లేదు కదప్పా."

ఆయన అంత తేలిగ్గా ఒప్పుకోవడానికి వేరే కారణం కూడా ఉంది. గుంతల్లో నింపడానికి రాయి కావాలి. బండలు కోయగా, పాలిష్ చేయగా మిగిలిన ముక్కలు ఆయన యూనిట్ వెనక గుట్టగా పడి ఉన్నాయి. ఊరికే ఇస్తానన్నాడు. "బండలు అమ్మేటోడు నీళ్లకు అడ్డం పడినాడు అనే మాట నాకొద్దు. పేపరాయనా, ఇది రాసుకో," అని నా వైపు తిరిగి మరీ చెప్పాడు. రాసుకున్నాను.

తర్వాత కొన్ని రోజులు మునగచెట్టు సందు పండగలా ఉంది. కొందరు వాకిళ్లలో ఒక వరస బండలు ఎత్తించి కరివేపాకు, మందారం నాటారు. కొందరు పక్కవాళ్లు తీస్తేనే తీస్తామన్నారు. సలోమి బడి ముగిశాక ఇంటింటికీ తిరిగి చెప్పింది. శెట్టి ట్రాక్టర్లు రాయి తెచ్చి పోశాయి. తెల్లటి ముక్కలు గుంతల నిండా పేర్చారు, పైన ఇసుక పరిచారు. మా జిల్లా పేజీలో ఫొటోతో పెద్ద వార్త ఇచ్చాను. పక్క ఊళ్ల నుంచి ఫోన్లు వచ్చాయి. వెలుగోడు నుంచి ఒకాయన వచ్చి గుంతల లోతు కొలుచుకుని వెళ్లాడు.

మొదటి వాన ఒక సాయంత్రం నల్లమల వైపు నుంచి వచ్చింది. బండి తీసుకుని సందుకు పరుగెత్తాను. శ్రీలత అప్పటికే గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. గొట్టాల నుంచి నీళ్లు బుడబుడమని గుంతల్లోకి దిగుతుంటే జనం అరుగుల మీదకు వచ్చి చప్పట్లు కొట్టారు. కాసేపటికి చప్పట్లు ఆగాయి. గుంతలు నిండాయి, నిండినవి నిండినట్టే ఉన్నాయి. తర్వాత పొంగాయి. పొంగిన నీళ్లు పాలలా తెల్లగా ఉన్నాయి. ఆ తెల్లనీళ్లు సందు వాలు వెంట పారి, సలోమి ఇంటి మెట్లు దిగి ముందు గదిలోకి వెళ్లాయి.

దేవదానం మిషన్ల కింద ఇంకో వరస ఇటుకలు పెట్టుకున్నాడు.

మరుసటి రోజు ఒక గుంత తవ్వి చూశారు. రాళ్ల సందుల్లో తెల్లటి ముద్ద, చేత్తో తీస్తే సున్నంలా అంటుకుంటోంది. పాలిష్ యూనిట్ రాతిపిండి అది. ముక్కలతో పాటే వచ్చి, తడిసి, అడుగున పూత పూసినట్టు పట్టేసింది. ముసాయిదాలో శుభ్రమైన రాయి అనే ఉంది. శెట్టి మనుషులు శుభ్రమైన రాయే పంపామని నిజాయితీగా నమ్మారు. ప్లాస్టిక్ ఏరారు, చెత్త ఏరారు. పిండిని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. నంద్యాలలో అది మా ఇళ్ల కప్పుల మీద ఉంటుంది, చెట్ల ఆకుల మీద ఉంటుంది, పాలిష్ యూనిట్లలో పనిచేసేవాళ్ల కనురెప్పల మీద ఉంటుంది. మాకది మురికి లెక్కలోకే రాదు. వేరే ఊళ్లో ఈ పొరపాటు జరిగేది కాదేమో.

ఉన్నది ఉన్నట్టు రాశాను. రాళ్లు ఎక్కడివో, పిండి ఎలా వచ్చిందో కూడా రాశాను. పొద్దున్నే శెట్టి ఫోన్ చేశాడు.

"నేను ఊరికే రాళ్లిస్తే నువ్వు నా మొగం మీద పిండి పూస్తివి కదప్పా."

"జరిగిందే కదన్నా రాసింది."

"జరిగిందేలే. జరిగింది గాబట్టే కోపం," అని పెట్టేశాడు.

కౌన్సిల్ సమావేశానికి ఇంకా కొంత గడువు ఉంది. కానీ ఊళ్లో తీర్పు అప్పుడే వచ్చేసింది. ఇంకుడు గుంతలు కాగితాల మీదే ఇంకుతాయని టీ అంగళ్లలో నవ్వుకున్నారు. రోడ్డు కంట్రాక్టరు మనుషులు సందులోకి వచ్చి టేపులు పట్టి కొలతలు తీసుకున్నారు. సలోమి తన కిటికీలో నుంచే వాళ్లను చూసింది. మా డెస్క్ కూడా, అంటే వార్తలు దిద్ది పేజీ పెట్టే విభాగం కూడా, దీని మీద ఇక వార్త ఏముంటుంది అంది.

ఒక వారం తర్వాత శెట్టి మళ్లీ ఫోన్ చేశాడు.

"అప్పా, ఆళ్లగడ్డకు పోతాండా. వస్తావా?"

"ఏందన్నా పని?"

"ఇంటి ముందర పెట్టేదానికి నందిని చెక్కమని చెప్పింటి. చూసొద్దాం పా. వస్తావా, ఆలోచిస్తాండావా? బేగా చెప్పు."

ఆయన జీపులో బయల్దేరాం. శిరివెళ్ల దాటినా ఆయన గుంతల మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆళ్లగడ్డ చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. శిల్పుల షెడ్ల ముందు సగం చెక్కిన దేవుళ్లు వానలో నిలబడి ఉన్నారు. శెట్టి చెప్పిన నందిని చెక్కుతున్న ఆచారి మమ్మల్ని రేకుల కిందికి పిలిచాడు. నంది మూపురం దాకా వచ్చింది. శెట్టి దాన్ని చుట్టూ తిరిగి చూశాడు.

"మొగం కొంచెం నవ్వుతాండాదేందప్పా?"

"నవ్వలేదు శెట్టిగారూ. మీరు కోపంగా ఉండారు, అందుకని అట్ల కనపడతాండాది," అన్నాడు ఆచారి. శెట్టికి కూడా నవ్వక తప్పలేదు.

వాన ఊపందుకుంది. రాతిని మిషన్‌తో కోసే షెడ్డు ముందు మడుగు కట్టింది. అక్కడి నీళ్లు బూడిద రంగువే అయినా, మునగచెట్టు సందులో నీళ్లలాగే చిక్కగా ఉన్నాయి. శెట్టి దాన్ని చూసి మొహం తిప్పుకున్నాడు. తిప్పుకున్న వైపు, పెరట్లో, ఉలితో చెక్కినప్పుడు రాలిన నల్లరాతి పెచ్చుల కుప్ప ఉంది. రేకుల మీది నీళ్లన్నీ ఒక దోనెలో నుంచి ధారగా ఆ కుప్ప మీదే పడుతున్నాయి. శెట్టి అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"అప్పా, ఆ కుప్ప చుట్టూ నీళ్లేవి?" అన్నాడు కాసేపటికి.

నిజమే. అంత ధార పడుతున్నా కుప్ప చుట్టూ మడుగు లేదు.

ఆయన వానలోకి దిగాడు. పట్టు పంచె తడుస్తున్నా పట్టించుకోకుండా రెండు చేతులతో పెచ్చులు తోడాడు. లోపలి రాయి తడిగా, నల్లగా, శుభ్రంగా మెరుస్తోంది. బకెట్ అడిగి తీసుకుని, పిడికెడు పెచ్చులు వేసి కలియబెట్టాడు. నీళ్లు తేటగానే ఉన్నాయి. తర్వాత మిషన్ షెడ్డు ముందరి ముక్కలు వేసి కలిపాడు. నీళ్లు బూడిదయ్యాయి.

"మిషన్ కోస్తే పిండి, ఉలి కొడితే పెచ్చు," అన్నాడు. ఆ బకెట్ నా ముందుకు పట్టుకొచ్చి చూపించాడు. ఆ ముఖంలో వారం రోజుల కోపం ఎక్కడా లేదు. "పుట్టినప్పటి నుంచి రాళ్లలోనే ఉండా. రాళ్లు కడగాలని నాకు తోచలేదు చూడు. కడిగితే నా రాయి గూడా పనికొస్తాది."

"ఈ కుప్ప మీకు కావాల్నా?" అన్నాడు ఆచారి. "దీన్ని యాడ పారబోయాల్నో తెలీక చస్తాండాం. ఎంత గావాలంటే అంత తీసుకపోండి. నందిని మాత్రం ఇంకా ఇయ్యను, పనుండాది."

తిరుగు ప్రయాణంలో శెట్టి మాట ఆపలేదు. జీపులో నుంచే శ్రీలతకు ఫోన్ చేశాడు. అడుగున తన నాపరాయి పెద్ద ముక్కలు, కడిగినవి. వాటి మీద ఆళ్లగడ్డ పెచ్చులు. ఆ మీద ఇసుక. ఆమె అంతా విని ఒకే ప్రశ్న అడిగారు. "నీళ్లు దాచడానికి నీళ్లు పోసి రాళ్లు కడుగుతామా శెట్టిగారూ?"

"మంచినీళ్లు ఎవరు పోస్తారమ్మా? పాలిష్ చేసినాక మా తొట్లలో పిండి అడుక్కు దిగి, పైన తేరిన నీళ్లుంటాయి. వాటితో కడుగుదాం. ఆ నీళ్లు మళ్లా తొట్లోకే పోతాయి."

మరునాటి నుంచి మళ్లీ తవ్వకం. ఈసారి సందులో సగం మందే బయటికి వచ్చారు. మిగతావాళ్లు తలుపుల దగ్గర నిలబడి చూశారు. శెట్టి యూనిట్‌లో రాళ్లను జల్లెడ పట్టి, తొట్టి నీళ్లతో కడిగి పంపారు. సందులోకి వచ్చాక దేవదానం ప్రతి ట్రాక్టర్ నుంచి ఒక ముక్క తీసి, గాజు గ్లాసులో నీళ్లు పోసి, ముంచి చూసేవాడు. నీళ్లు మసకబారితే, "శెట్టిగారూ, ఇంకోసారి స్నానం చేయించాల," అనేవాడు. శెట్టి నసుగుతూనే ట్రాక్టర్‌ను వెనక్కి పంపేవాడు. ఒకసారి, "నీ పెండ్లికి గూడా ఇంత చూసుకోలేదు కదప్పా," అన్నాడు.

"పెండ్లికి ఇల్లు మునగలేదు కద," అన్నాడు దేవదానం.

గుంతలు పూర్తయ్యాక వాన కోసం ఎదురుచూపు. జీవితంలో ఎన్నో ఫలితాల కోసం ఎదురుచూశాను. ఓట్ల లెక్కింపు హాళ్ల బయట పొద్దుపోయేదాకా నిలబడ్డాను. ఆ వాన కోసం చూసినట్టు దేనికోసమూ చూడలేదు. పొద్దున లేవగానే నల్లమల వైపు చూడటం అలవాటైంది. మబ్బు పట్టడం, మహానంది వైపు కురిసి పోవడం. శెట్టి ఫోన్ చేసి, "మహానందిలో శివుడికి తక్కువైందా నీళ్లు? మనకు పంపడేందప్పా," అని విసుక్కునేవాడు.

కౌన్సిల్ సమావేశం దగ్గరపడిన ఒక ఆదివారం పొద్దున వాన వచ్చింది. చినుకు లేదు, హెచ్చరిక లేదు, ఒక్కసారిగా కుమ్మరింపు. నేను సందు చేరేసరికి శ్రీలత, శెట్టి వచ్చేశారు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అరుగుల మీద, తలుపుల దగ్గర జనమంతా గుంతల వైపే చూస్తున్నారు. గొట్టాలు పొంగి పారుతున్నాయి. గుంతల్లో నీళ్లు పైకి లేచాయి. ఇసుక అంచు దాకా వచ్చాయి. శెట్టి నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

నీళ్లు అక్కడ ఆగాయి. కాసేపు లేవలేదు, దిగలేదు. తర్వాత ఇసుక మీద ఒక చిన్న సుడి తిరిగింది. మట్టం కొంచెం తగ్గింది. మళ్లీ నీళ్లు పడ్డాయి, మళ్లీ తగ్గింది. భూమి దాహంతో తాగుతున్నట్టు గుటకల చప్పుడు వినిపించింది. అది నా ఊహేమో అనుకున్నాను.

"వింటాండావా?" అన్నాడు శెట్టి, నా చెవి దగ్గర. నా ఊహ కాదు.

అప్పుడే సలోమి చర్చి నుంచి వచ్చింది. వాన మొదలు కాగానే ఆరాధన మధ్యలోనే లేచి వచ్చేసిందట. చీర అంచు తడిసిపోయింది. ఆమె గుంతల వైపు చూడలేదు, మా వైపు చూడలేదు. నేరుగా తన ఇంటి మెట్ల దగ్గరికి వెళ్లి వంగి, చివరి మెట్టు మీద అరచేయి ఆనించింది. వాన చినుకులు పడిన తడే తప్ప పారిన నీళ్లు లేవు. గడపకు అవతల నేల పొడిగా ఉంది.

లోపల నుంచి దేవదానం గొంతు వినిపించింది. "యాడున్నావ్? లోపలికి రా. మిషన్ కింద ఇటుకలు తీద్దాం, కాళ్లు నొస్తాండాయి."

కౌన్సిల్ నిబంధనలను ఆమోదించింది. సందులో పాత రోడ్డును తవ్వి, అసలు మట్టానికే కొత్తది వేశారు. ఇప్పుడు సలోమి ఇంట్లోకి మెట్లు దిగి కాదు, ఎక్కి పోతారు. మెట్లెక్కుతూ ఆమె మొదటిసారి తూలిందని, అలవాటు తప్పిందని దేవదానం అందరికీ చెప్పుకుంటాడు. ఊళ్లో ఇళ్లన్నీ మారిపోయాయని నేననను. వాకిలంతా బండ పరిచేవాళ్లు ఇంకా ఉన్నారు, శెట్టి ఇంకా బండలు అమ్ముతూనే ఉన్నాడు. కానీ బండ కొనడానికి వచ్చినవాళ్లను, "మట్టి ఎంత వదుల్తాండారు?" అని ఆయనే అడుగుతున్నాడు.

ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్న పాఠాల్లో దీన్ని ముందు పెడతాను. పాత వార్త తర్వాత ఏమైందో వెళ్లి చూడటాన్ని మేం ఫాలో-అప్ అంటాం. వైఫల్యం మంచి వార్త, అందుకే అక్కడితో ఆగిపోతాం. గుంతలు పొంగిన రోజు నా వార్త అయిపోయింది. అసలు సంగతి మాత్రం ఆళ్లగడ్డలో వానలో తడుస్తూ బకెట్ పట్టుకుని ఉంది. కోపం వచ్చిన మనిషి మళ్లీ ఫోన్ చేస్తే ఎత్తాలని, రమ్మంటే వెళ్లాలని అప్పటి నుంచి నా నియమం.

శెట్టి ఇంటి ముందు ఇప్పుడు నంది ఉంది. దాని చుట్టూ బండ లేదు, నల్లటి పెచ్చులు పరిచి ఉన్నాయి. వాన పడితే ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని, నీళ్లు దిగే చప్పుడు వింటాడు. ఇక ముసాయిదాలో శుభ్రమైన రాయి అని ఉన్న చోట, ఆమోదించిన నిబంధనల్లో ఇప్పుడు ఒక పొడవాటి వాక్యం ఉంది: కడిగిన నీరు తేటగా వచ్చేవరకు కడిగిన రాయిని మాత్రమే వాడవలెను. ఇళ్లు కట్టే మేస్త్రీలు దాన్ని నిబంధన నంబరుతో చెప్పరు. శెట్టి షరతు అంటారు.